నౌకాదళ బ్యాడ్జీని ముందు వెనక్కి తిప్పండి

నా దగ్గర ఒక జర్మన్ యూ-బోట్ బ్యాడ్జ్, అంటే జలాంతర్గామి సిబ్బందికి ఇచ్చే తరహా బ్యాడ్జ్, ఉంది. దాని మీది గద్ద రెక్కలో, చివరి నుంచి మూడో ఈక దగ్గర, బియ్యపు గింజలో సగం కూడా లేని ఒక నొక్కు కనిపిస్తుంది. కొన్న కొత్తలో ఆ నొక్కు చూసి తెగ మురిసిపోయాను. ఏ జలాంతర్గామి ఇనుప నిచ్చెనకో తగిలి పడ్డ దెబ్బ అయ్యుంటుందని ఊహించుకున్నాను. అమ్మినాయన కూడా అలాంటి కథే చెప్పాడు. ఏడాదిన్నర తర్వాత ఒక వేలం ఫోటోలో ఇంకో బ్యాడ్జ్ చూశాను. అదే ఈక, అదే నొక్కు. ఇంకొన్నాళ్ళకు మూడోది కంటబడింది. ఒకే దెబ్బ మూడు బ్యాడ్జీలకు ఒకే చోట తగలదు కదా. ఎవరో ఒక అసలు బ్యాడ్జ్ నుంచి మూస తీసి పోత పోశారు. తల్లికి తగిలిన దెబ్బ పిల్లలందరికీ పుట్టుమచ్చలా దిగింది.

ఆ డబ్బు ఎలాగూ పోయింది. దానితో ఒక సూత్రం మాత్రం దక్కింది, ఇక్కడ చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. తయారీలో పడ్డ గుర్తు ఒక కంపెనీ బ్యాడ్జీలన్నిటిలో మళ్ళీ మళ్ళీ కనిపించాలి. వాడకంలో పడ్డ గుర్తు ఒక్కదాని మీదే ఉండాలి. ఈ రెండూ తారుమారైతే ఆ వస్తువును పక్కన పెట్టేయండి.

ఒక్క బ్యాడ్జ్ పట్టుకోండి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నౌకాదళం, అంటే క్రీగ్స్‌మరీన్, ఓడల రకాన్ని బట్టి విడివిడిగా యుద్ధ బ్యాడ్జీలు ఇచ్చింది. మొదటిది 1939 అక్టోబర్ 13న వచ్చిన యూ-బోట్ బ్యాడ్జ్. 1940 జూన్ 4న డిస్ట్రాయర్, అదే ఏడాది ఆగస్టు 31న మైన్‌స్వీపర్ (మైన్లు, అంటే సముద్రంలో పెట్టే మందుపాతరలు, ఏరే ఓడ) బ్యాడ్జీలు వచ్చాయి. 1941లో అయితే వరస కట్టాయి: ఏప్రిల్ 1న దిగ్బంధాన్ని ఛేదించే ఓడలకు, ఏప్రిల్ 24న సహాయక క్రూజర్లకు (ఆయుధాలు అమర్చిన వాణిజ్య నౌకలు), ఏప్రిల్ 30న పెద్ద యుద్ధనౌకల సిబ్బందికి, మే 30న ఈ-బోట్లకు (టార్పెడోలు వేసే వేగపు పడవలు), జూన్ 24న తీరప్రాంత ఫిరంగి దళాలకు. ఇవన్నీ ఒకేసారి సేకరిద్దామనుకుంటే కన్ను దేనిమీదా నిలవదు. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే. రకానికొకటి చొప్పున ఎనిమిది కొంటారు, ఎనిమిదింటిలోనూ ఏది అసలో ఏది నకిలీయో చెప్పలేరు.

నన్నడిగితే మైన్‌స్వీపర్ బ్యాడ్జ్‌తో మొదలుపెట్టండి. ఓక్ ఆకుల దండ, మధ్యలో మైన్ పేలినప్పుడు సముద్రంలోంచి ఎగసే నీటి స్తంభం. గీసింది బెర్లిన్ కళాకారుడు ఒట్టో ప్లాచెక్. మైన్లు ఏరే దళాలకే కాక యూ-బోట్ వేట దళాలకూ కాపలా నౌకలకూ ఇచ్చారు కాబట్టి పెద్ద సంఖ్యలో తయారైంది, చాలా కంపెనీలు చేశాయి. పోల్చుకోవడానికి ఫోటోలు దండిగా దొరుకుతాయి. యూ-బోట్ బ్యాడ్జ్‌కి గిరాకీ ఎక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే. నాలా దానితో మొదలుపెట్టి చేతులు కాల్చుకోకండి.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. వీటి మీద హాకెన్‌క్రాయిజ్ ఉంటుంది. అది నాజీల స్వస్తిక. మన గుమ్మాల మీద కనిపించే స్వస్తికతో దీన్ని కలపకండి. జర్మనీలో దీన్ని బహిరంగంగా ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద నేరం. పరిశోధన, బోధన వంటి వాటికి మినహాయింపులున్నాయి. అందుకే అక్కడి అమ్మకందారులు ఫోటోల్లో ఆ భాగం మీద కాగితం ముక్క అంటిస్తారు. ఏదో దాచిపెడుతున్నారని అనుమానపడకండి. యూ-బోట్లలో పనిచేసిన దాదాపు 40 వేల మందిలో సుమారు 30 వేల మంది తిరిగి రాలేదు. వాళ్ళు ముంచిన ఓడల్లో పోయిన నావికుల లెక్క వేరే. చేతిలోకి తీసుకుంటున్నది ఏమిటో తెలిసి తీసుకోవాలి, అంతే.

దేన్ని వేరియంట్ అనాలి?

సేకర్తలకు ఈ మాట మీద మోజు ఎక్కువ. పూత కాస్త వెలిసినా వేరియంటే, పిన్ను వంగినా వేరియంటే. నా లెక్కలో తేడాలు నాలుగు రకాలు, నాలుగింటికీ ఒకే బరువు లేదు.

మొదటిది, నమూనాయే మారడం. ఈ-బోట్ బ్యాడ్జ్ దీనికి మంచి ఉదాహరణ. 1941లో వచ్చిన మొదటి నమూనాలో పాత తరహా పొట్టి పడవ దండలోపలే ఒదిగి ఉంటుంది. 1943లో వచ్చిన రెండో నమూనాలో కొత్త తరహా పొడవాటి పడవ ముక్కు దండను దాటి బయటికి దూసుకొస్తుంది. రెండూ గీసింది విల్‌హెల్మ్ ఎర్న్‌స్ట్ పీక్‌హౌస్. ఈ తేడా చూడటానికి భూతద్దం కూడా అక్కర్లేదు.

రెండోది కంపెనీ తేడా. నమూనా ఒకటే అయినా ప్రతి కంపెనీ తన అచ్చు (లోహాన్ని కొట్టి రూపం తెచ్చే ఉక్కు దిమ్మ) తానే చెక్కించుకుంది. ఒకరి గద్దకు మెడ పొడవు, ఇంకొకరి ఆకులకు ఈనెలు లోతు. కొందరు హాకెన్‌క్రాయిజ్ కాళ్ళ మధ్య ఖాళీని తొలిచి కన్నాలు చేశారు, కొందరు అలాగే నిండుగా వదిలేశారు. అసలు సేకరణ అంటే ఇక్కడే ఉంది.

మూడోది లోహం తేడా, నాలుగోది వెనకవైపు పిన్ను, కీలు, కొక్కెం తేడా. ఈ రెండూ కాలాన్ని చెబుతాయి. అచ్చు 'ఎవరు' అని చెబితే వెనక సామాను 'ఎప్పుడు' అని చెబుతుంది.

ఇవి కాక మిగిలినవి, అంటే పూత రంగు, మచ్చలు, చిలుము, ఆ వస్తువు 80 ఏళ్ళు ఎక్కడ పడి ఉందో చెప్పే సంగతులు. నోట్ చేసుకోండి కానీ వాటికి వేరియంట్ అని పేరు పెట్టి ధర పెంచేవాళ్ళ మాట వినకండి.

ఇప్పుడు వెనక్కి తిప్పండి

ముందువైపు చూపించడానికి తయారైంది, అందరూ చూసేదీ దాన్నే. నకిలీ చేసేవాడి శ్రద్ధంతా అక్కడే పోతుంది. వెనకవైపు పనివాడి చెయ్యి కనిపిస్తుంది. అందుకే ఫోటో అడిగినా, వస్తువు చేతికొచ్చినా నేను ముందు వెనకే చూస్తాను.

పదిరెట్లు పెంచి చూపే లూప్ ఒకటి, చిన్న టార్చి ఒకటి చాలు. టార్చిని పైనుంచి కొట్టకండి. బల్లకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వెయ్యండి. అప్పుడు ప్రతి గీతకూ నీడ పడుతుంది.

కంపెనీ గుర్తు ఉంటే మొదట అది లోపలికి దిగిందా, పైకి లేచిందా అని చూడండి. పైకి లేచిన అక్షరాలు అచ్చులోనే చెక్కి ఉన్నవి, కాబట్టి ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి బ్యాడ్జ్ మీదా అవి అదే చోట, అదే వంపుతో ఉండాలి. లోపలికి దిగినవి తర్వాత పంచ్‌తో కొట్టి ఉండవచ్చు. అలాంటివాటి చోటు బ్యాడ్జ్ బ్యాడ్జ్‌కీ కాస్త మారవచ్చు.

బెర్లిన్‌లోని ష్వెరీన్ కంపెనీ చేసిన ఈ-బోట్ బ్యాడ్జ్ వెనక భాగం దగ్గరగా చూద్దాం. 'ఫెక్. డబ్ల్యు. ఇ. పీక్‌హౌస్ బెర్లిన్' అని ఒక చోట, 'అవుస్ఫ్. ష్వెరీన్ బెర్లిన్ 68' అని ఇంకో చోట ఉంటుంది. ఫెక్. అంటే లాటిన్‌లో ఫెకిట్, 'చేశాడు' అని, ఇక్కడ గీసిన కళాకారుడి పేరు. అవుస్ఫ్. అంటే జర్మన్‌లో అవుస్ఫ్యూరుంగ్, తయారీ. 68 అన్నది బెర్లిన్ నగరపు తపాలా విభాగం సంఖ్య. దాన్ని తయారైన సంవత్సరంగా పొరబడేవాళ్ళు లేకపోలేదు. పెద్ద యుద్ధనౌకల బ్యాడ్జ్ మీద అయితే కళాకారుడి పేరు అడోల్ఫ్ బాక్. నౌకాచిత్రాలు గీసే చిత్రకారుడు ఆయన. నకిలీల్లో ఈ అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. అక్షరం కడుపులోని ఖాళీలు, ముఖ్యంగా 'ఇ', 'ఆర్', 'బి' లాంటి రోమన్ అక్షరాల్లో, పూడుకుపోతాయి. అసలు అచ్చు దెబ్బలో అవి కత్తితో కోసినట్టుంటాయి.

వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ 'ఆర్.ఎస్.' అని వేసుకుంది. కొన్ని బ్యాడ్జీల మీద ఎల్/ తో మొదలయ్యే నంబర్లుంటాయి. జర్మన్ పతకాల తయారీదారుల సంఘం 1941 నుంచి తన సభ్యులకు ఇచ్చినవి అవి, దుకాణాల్లో అమ్మే సరుకు మీద వేసేవి. ప్రభుత్వానికి నేరుగా సరఫరా చేసే సరుకుకు ఇంకో నంబరు వరస ఉండేది. అందుకే స్టైన్‌హవర్ అండ్ ల్యుక్ కంపెనీకి ఎల్/16 అనీ ఒట్టి 4 అనీ రెండు గుర్తులు కనిపిస్తాయి. ఏ గుర్తూ లేని అసలు బ్యాడ్జీలూ బోలెడు. గుర్తు లేదని తోసేయకండి, గుర్తుందని నమ్మేయకండి. అన్నిటికంటే తేలిగ్గా కాపీ కొట్టగలిగేది గుర్తే.

తర్వాత పిన్ను, కీలు, కొక్కెం. పిన్ను గుండ్రటి సూదిలా ఉందా, వెడల్పాటి పట్టీలా ఉందా? నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? కీలు చిన్న దిమ్మలాంటిదా, రేకు చుట్టి చేసిందా? కొక్కెం తీగతో వంచిందా, రేకుతో కోసిందా? కింద చిన్న పళ్ళెం ఉందా? వీటిని మాటు వేసి అతికించారా, లోహంలో గుంట చేసి నొక్కి బిగించారా? ఒక కంపెనీ ఒక కాలంలో ఒక పొందిక వాడింది. ముందువైపు ష్వెరీన్, వెనక కీలు ఇంకో కంపెనీ తరహా అయితే అది 'అరుదైన వేరియంట్' అయ్యే అవకాశం కంటే ఎవరో తర్వాత మరమ్మతు చేసిన అవకాశమే ఎక్కువ. మరమ్మతు జరిగితే పాత మాటు మచ్చ ఎక్కడో ఉంటుంది. కొత్త కీలు పక్కన పూత రంగు తేడాగా, కాస్త కాలినట్టుగా కనిపిస్తుంది.

చివరగా పిన్ను తెరిచి దాని కింద చూడండి. ఏళ్ళ తరబడి మూసి ఉన్న పిన్ను కింద లోహం రంగు మిగతా చోట కంటే వేరుగా ఉంటుంది. కొక్కెం లోపల, పిన్ను రాసుకున్న చోట, సన్నటి మెరుపు ఉంటుంది. పాతబడినట్టు కనిపించడానికి ఆమ్లంలో ముంచిన నకిలీలో అంతటా ఒకేలాంటి నలుపు ఉంటుంది, పిన్ను కింద కూడా. నిజంగా ధరించిన బ్యాడ్జ్ మెరక భాగాల్లో అరుగుతుంది: గద్ద రొమ్ము, ఓడ పైకప్పు, దండ అంచు. పల్లాల్లో పూత మిగులుతుంది. పల్లాల్లో అరిగి మెరకల్లో పూత నిలిచి ఉంటే అర్థం మీకే తెలుస్తుంది.

లోహాన్ని తూచండి

యుద్ధం మొదట్లో చేసినవి ఎక్కువగా టోంబాక్‌తో చేసినవి. రాగి పాలు బాగా ఎక్కువగా ఉండే ఇత్తడి లాంటిది అది. దాని మీద బంగారు గిల్టు ఇప్పటికీ వెచ్చగా నిలిచి ఉంటుంది. రాగి యుద్ధ పరిశ్రమకు కావలసి వచ్చాక కంపెనీలు క్రమంగా జింకులోకి దిగాయి. జింకు మీద పూత నిలవదు. లోపలికి ఇంకిపోయినట్టు వెలిసి బూడిదరంగు తేలుతుంది, చోట్లచోట్ల బుడగలు లేస్తుంది. కాబట్టి ధగధగలాడే జింకు బ్యాడ్జ్ చూస్తే సంతోషం కంటే ముందు సందేహం రావాలి.

కంటితో తేలకపోతే సాంద్రత చూడండి. నగల తూకానికి వాడే, 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం చాలు. ముందు బ్యాడ్జ్‌ని మామూలుగా తూచండి. తర్వాత తూకం మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. బ్యాడ్జ్‌ని సన్నటి దారంతో వేలాడదీసి, అడుగుకూ గోడలకూ తగలకుండా, పూర్తిగా నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. ఇప్పుడు తూకం చూపే అంకె ఆ బ్యాడ్జ్ తొలగించిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు మొదట 26.40, నీళ్ళలో 3.70 వస్తే జవాబు 7.14 దగ్గర. అది జింకు. టోంబాక్ అయితే 8.6 నుంచి 8.8 మధ్య వస్తుంది. ఈ కాలపు పోత పనుల్లో విరివిగా వాడే జింకు-అల్యూమినియం మిశ్రమం 6.7 దగ్గర ఆగుతుంది. సీసం కలిపితే అంకె పైకి పోతుంది.

దీన్నే తీర్పుగా తీసుకోకండి. తగరం సాంద్రత 7.3, జింకుకు బాగా దగ్గర. తగరంతో పోసిన నకిలీ ఈ పరీక్ష దాటేయగలదు. యుద్ధకాలంలో కూడా జింకు మిశ్రమంతో పోత పోసినవి ఉన్నాయి. ఉక్కు పిన్ను అంకెను కాస్త అటూ ఇటూ లాగుతుంది. వెనక గుంటల్లో గాలిబుడగలు చిక్కితే లెక్క మొత్తం పోతుంది, మెత్తటి కుంచెతో వాటిని విదిలించండి. పని కాగానే బ్యాడ్జ్‌ని పొడి గుడ్డతో అద్ది, కీలు దగ్గర తడి లేకుండా ఆరబెట్టండి. పూత లేస్తున్న బ్యాడ్జ్ అయితే అసలు ముంచొద్దు.

అయస్కాంతం సంగతి ఒక్క ముక్కలో: టోంబాక్‌కీ జింకుకీ అంటుకోదు, పిన్నుకు అంటుకోవచ్చు. బ్యాడ్జ్ ఒళ్ళంతా అంటుకుంటే ఇక అడగాల్సిందేమీ లేదు.

కొలత, ఫోటో, పోలిక

యూ-బోట్ బ్యాడ్జ్ సుమారు 48 మిల్లీమీటర్ల వెడల్పు, 39 మిల్లీమీటర్ల ఎత్తు. కంపెనీని బట్టి కాస్త తేడా ఉంటుంది. కాబట్టి 'సరైన కొలత' అంటూ ఒకటి వెతక్కండి, అదే కంపెనీ అదే అచ్చు బ్యాడ్జ్‌తోనే పోల్చండి. ఎందుకంటే అసలు నుంచి మూస తీసి పోసిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. నకిలీ ఒకటి రెండు శాతం చిన్నదవుతుంది. 48 మిల్లీమీటర్ల మీద అది అర మిల్లీమీటరు నుంచి ఒకటి దాకా. స్కేలుకు అందదు కానీ వెర్నియర్ కాలిపర్స్‌కు దొరుకుతుంది. రెక్క చివర నుంచి చివరకు, ఓడ ముక్కు నుంచి తోక దాకా, ఇలా లోపలి దూరాలు కూడా కొలవండి. బయటి అంచును ఆకురాయి పెట్టి అరగదీసి ఉండొచ్చు, లోపలి దూరాలను ఎవరూ మార్చలేరు. కాలిపర్స్ దవడలు ఉక్కువి, పూత గీసుకుపోకుండా మధ్యలో సన్నటి కాగితం పెట్టి దాని మందం తీసేయండి.

ఫోటో తీసేటప్పుడు కెమెరా సరిగ్గా నెత్తిమీదనుంచి ఉండాలి. కాస్త దూరం జరిగి జూమ్ చేయండి. దగ్గరికి పెడితే అంచులు ఉబ్బుతాయి, కొలతలు అబద్ధం చెబుతాయి. పక్కన స్కేలు పెట్టండి. ఒకే బ్యాడ్జ్‌ని నాలుగు వైపుల నుంచి వెలుగు వేసి నాలుగు ఫోటోలు తీయండి. తర్వాత మీ ఫోటోనూ, నమ్మకమైన అసలు ఫోటోనూ ఫోన్లోనే ఒకదాని మీద ఒకటి పరచి, పైదాన్ని సగం పారదర్శకం చేసి చూడండి. ఆకుల చివర్లు, ఈకలు, అలలు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, అచ్చు పగుళ్ళు వెతకడం. ఉక్కు అచ్చును వేలసార్లు కొట్టేకొద్దీ అందులో సన్నటి పగులు పుడుతుంది. లోహం ఆ పగుల్లోకి దూరి బ్యాడ్జ్ మీద వెంట్రుకంత గీతగా పైకి లేస్తుంది. ఓక్ ఆకు పక్కన, ఏ కారణమూ లేకుండా, మెరకగా ఒక గీత కనిపిస్తే దాన్ని ఆనందంగా రాసుకోండి. అదే కంపెనీ ఇంకో బ్యాడ్జ్ మీద అదే గీత ఇంకాస్త పొడుగ్గా కనిపిస్తే అది ఆ తర్వాత కొట్టింది. అలా నాలుగైదు దొరికితే ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టొచ్చు. ఏ కాగితం చెప్పని సంగతి ఆ గీత చెబుతుంది.

పగులు గీత పైకి లేచి ఉంటుంది, దెబ్బ నొక్కు లోపలికి దిగి ఉంటుంది. ఇది గుర్తుంటే మొదట చెప్పిన సూత్రం చేతికొచ్చినట్టే. పైకి లేచిన లోపం పది బ్యాడ్జీల్లో కనిపిస్తే మంచిది. గుంటలు, గీతలు, నొక్కులు రెండింటిలో ఒకే చోట కనిపించినా చెడ్డది. ఆ పగులు గీత కూడా మూసలోకి ఎక్కగలదు కాబట్టి గీత ఒక్కటే చాలదు. గీత అంచు పదునుగా ఉండాలి, కొలత తగ్గకూడదు, ఉపరితలం మీద సూదిమొన కన్నాలుండకూడదు. పోతలో గాలి చిక్కుకుని పడే ఆ కన్నాలు ఎక్కువగా అలల మడతల్లో, దండ కింది ముడి దగ్గర దాక్కుంటాయి.

యుద్ధం ముగిసినా అచ్చు ముగియలేదు

ఇక్కడే అనుభవజ్ఞులు కూడా జారిపడతారు. కొన్ని కంపెనీలు 1945 తర్వాతా నడిచాయి, వాటి అచ్చులు కొన్ని మిగిలాయి. సూవాల్ యుద్ధం తర్వాత తిరిగి కొట్టిన బ్యాడ్జీలకు ఈ రంగంలో పెద్ద పేరే ఉంది, మంచి పేరు మాత్రం కాదు. అచ్చు అసలుదే, కొలత సరిపోతుంది, అంచు పదునే. అయినా అది యుద్ధకాలపుది కాదు. ఇలాంటప్పుడు అచ్చు వదిలేసి వెనక్కి రావాలి: కీలు తరహా, పిన్ను తీగ, పూత. అవి యుద్ధకాలపు తోటి బ్యాడ్జీలతో కలవవు.

పశ్చిమ జర్మనీ 1957 జూలై 26న చేసిన చట్టం పాత సైనికులు తమ పతకాలను హాకెన్‌క్రాయిజ్ లేని రూపంలో ధరించడానికి అనుమతిచ్చింది. ఆ రూపంలో కొత్తగా చేసినవి నకిలీలు కావు, అదొక వేరే శాఖ. ధర తక్కువ, మోసం తక్కువ. డబ్బు పెట్టడానికి భయపడే కొత్తవాళ్ళు వీటితో కన్ను సాధన చేసుకోవచ్చు. వెనక సామాను చదవడం వీటి మీదే నేర్చుకున్నవాళ్ళను ఎరుగుదును.

ఇంకో శాఖ ఫ్రెంచ్ తయారీ. జర్మన్ నౌకాదళం ఫ్రాన్స్ అట్లాంటిక్ రేవుల్లో తిష్ఠ వేసినప్పుడు పారిస్‌లోని బాక్‌విల్ వంటి సంస్థలూ ఈ బ్యాడ్జీలు చేశాయి. వాటి చెక్కుడూ వెనక సామానూ జర్మన్ వాటిలా ఉండవు. జర్మన్ కొలబద్దతో కొలిచి 'నకిలీ' అనేయడం ఎంత తప్పో, నకిలీని చూపించి 'ఇది ఫ్రెంచ్ తయారీ అండీ' అనే అమ్మకందారును నమ్మడమూ అంతే తప్పు. రెండోది ఎక్కువగా జరుగుతుంది.

గుడ్డ మీద కుట్టినవి ఉన్నాయి. చిన్న అతినీలలోహిత టార్చి కింద దారం నీలంగా వెలిగితే అందులో బట్టలకు మెరుపు తెచ్చే ఆధునిక రసాయనం ఉన్నట్టు. తర్వాతెప్పుడో ఉతికినా అలా వెలగొచ్చు కాబట్టి అది అనుమానమే, రుజువు కాదు.

కొనే ముందు

కథకు డబ్బు ఇవ్వకండి. 'మా తాతగారు కీల్ రేవులో...' అని మొదలైతే వినండి, ఆనందించండి, తర్వాత వెనకవైపు ఫోటో అడగండి. పెట్టె, ప్రదాన పత్రం ఉంటే మంచిదే కానీ అవి బ్యాడ్జ్‌తో పుట్టినవో, తర్వాత జత కలిపినవో చెప్పలేం. అసలు కంటే కొసరు ముద్దని ఖాళీ పెట్టె కోసం బ్యాడ్జ్ కొన్నవాళ్ళను చూశాను. పత్రంలో తేదీ మాత్రం తప్పక చూడండి. ఈ-బోట్ బ్యాడ్జ్ పత్రం మీద 1941 మార్చి అని ఉంటే ఆ బ్యాడ్జ్ అప్పటికి పుట్టనే లేదు. యూ-బోట్ కాంస్య క్లాస్ప్ (యూ-బోట్ బ్యాడ్జ్ ఉన్నవాళ్ళకు తర్వాత ఇచ్చిన అదనపు గుర్తు) 1944 మే 15న, వెండిది నవంబర్ 24న వచ్చాయి. 1943 నాటి సంతకంతో వెండి క్లాస్ప్ పత్రం ఉండే ప్రసక్తే లేదు.

అమ్మేవాళ్ళను మూడు అడగండి: వెనకవైపు పక్కవెలుగు ఫోటో, 0.1 మిల్లీమీటరు వరకు కొలత, బరువు. వీటితోపాటు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా ఒక మాట. నిజాయితీపరుడు విసుక్కున్నా పంపిస్తాడు. మూడు రోజులు నాన్చి 'ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, త్వరగా చెప్పండి' అన్నాడంటే ఆ ఇద్దరికే వదిలేయండి. నేను ఆ మాట విన్నప్పుడల్లా, నొక్కున్న నా యూ-బోట్ గద్ద గుర్తొస్తుంది. అదే మాట మీద కొన్నాను దాన్ని.

మునిగిన ఓడల నుంచి పైకి తీసినవి అని చెప్పి అమ్మేవాటి జోలికి పోకండి. ఆ ఓడలు సమాధులు. చాలా చోట్ల చట్టం కూడా వాటిని అలాగే చూస్తుంది.

దాచడం, రాయడం

తోమకండి. చింతపండు, బూడిద, మెరుగు ద్రావణం, ఏదీ వద్దు. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం దాకానే మీ హక్కు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కాలక్రమంలో ఆమ్లం వదులుతాయి. ఓక్ చెక్క పెట్టెలు కూడా ఆమ్ల ఆవిరి వదులుతాయి, జింకు మీద తెల్లటి పొడి పట్టడానికి అదో కారణం. పాలిథిన్ సంచి, ఆమ్లం లేని కాగితం, గాలిలో తేమ సగానికి తక్కువ ఉండే చోటు. చేతికి నైట్రైల్ తొడుగులు.

ప్రతి బ్యాడ్జ్‌కి ఒక కార్డు రాయండి: కంపెనీ, లోహం, బరువు, సాంద్రత, లోపలి కొలతలు రెండు, కీలు-పిన్ను-కొక్కెం వర్ణన, తయారీ గుర్తులు ఒక వరసలో, వాడకపు గుర్తులు ఇంకో వరసలో. ఈ రెండు వరసలను కలపకండి. ఏడాదికోసారి తీసి, కొత్తగా చూసిన ఫోటోలతో సరిచూడండి. రెండో వరసలోని గుర్తు ఇంకెక్కడైనా కనిపించిందంటే కార్డు మార్చే సమయం వచ్చినట్టే.

నకిలీ అని తేలినదాన్ని అమ్మకండి, పారేయకండి కూడా. పోల్చుకోవడానికి దానంత మంచి పాఠం లేదు. కార్డు మీద పెద్ద అక్షరాలతో 'నకిలీ' అని రాసి, కార్డును బ్యాడ్జ్ ఉన్న సంచిలోనే పెట్టండి, విడిగా పెట్టకండి. మీ తర్వాత ఆ పెట్టె తెరిచేవాళ్ళకు లూప్ పట్టుకోవడం రాకపోవచ్చు.